మావయ్యగారి ముప్పై శాతం

జాషువా పెళ్ళి కావడం, అతని మావగారు సుందరరావుగారు షేర్లు కొనడం ఒకే ఏడు జరిగాయి. రెంటిలో పెళ్ళే కాస్త నయంగా సాగిందని రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఉన్న చుట్టాలు నవ్వుతూ అనేవారు.

సుందరరావుగారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. "సర్వీసంతా ఇనుప ఖనిజం వ్యాగన్ల వెనక బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని తిరిగినవాణ్ణి. దాని విలువ నాకు తెలీదా?" అంటూ చేతికొచ్చిన డబ్బులోంచి కొంత తీసి ఇంద్రకోట మైనింగ్ అనే కంపెనీ షేర్లు ఒక్కోటీ నాలుగు వందలకి కొన్నారు. పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే భార్య విజయకుమారి పేరు మీద కొన్నారు. కొన్న మరుసటేడు నుంచే అవి దిగడం మొదలుపెట్టాయి. మూడు వందలైంది, నూట యాభై అయింది, చివరికి అరవై దగ్గర చతికిలబడింది. "అసలు రానీ, ఆ రోజే అమ్మేస్తా" అంటూ ఆయన పదకొండేళ్ళు కూర్చున్నారు.

2021 వానాకాలానికి ఆ షేరు లేచి మూడు వందల ఎనభైకి వచ్చింది. ఇంకో ఇరవై రూపాయలు పెరిగితే గొడవ వదిలిపోతుందని ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే సుందరరావుగారు మనసు మార్చుకున్నారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ కబురు చెప్పారు.

"అమ్మడం లేదు. ఇంకా కొంటున్నాను. విజయ ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి అందులో పెడదాం."

విజయకుమారిగారు ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి దాచుకున్న డబ్బది. ఆవిడ చేపల పులుసు గరిటె గిన్నెలోనే వదిలేసి అల్లుడి వైపు చూసింది. జాషువా సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాడు. లెక్కల సంగతి వస్తే ఆ ఇంట్లో అందరూ అతని వైపే చూస్తారు. అతనికీ అది ఇష్టమే.

"నిరుడు షేరుకి తొంభై అయిదు రూపాయల లాభం వచ్చింది," అన్నారు సుందరరావుగారు. "ధరేమో మూడు వందల ఎనభై. అంటే నాలుగేళ్ళ లాభం పెడితే కంపెనీ మొత్తం చేతికొస్తుంది. ఇంత సస్తాగా రాయపూర్లో గోంగూర కూడా దొరకదు."

"మావయ్యగారూ, అది ఒక్క ఏడాది లాభం అండీ," అన్నాడు జాషువా. "ఖనిజం బిల్లులు మా ఫ్యాక్టరీలో నేనే పాస్ చేస్తాను. ఏడాదిలో రేటు రెండింతలైంది. మేం ఏడుస్తూ కట్టిన డబ్బే వాళ్ళ లాభం. ఎల్లకాలం అలా కట్టలేం కదా. గనుల కంపెనీని మంచి ఏడు చూసి వెలకట్టకూడదు. పదేళ్ళ లాభాలు తియ్యాలి. పాత రూపాయికి విలువెక్కువ కాబట్టి ఒక్కో ఏడాది లాభాన్నీ మెహంగాయి, అదే ధరల పెరుగుదల ప్రకారం ఇప్పటి రూపాయల్లోకి మార్చాలి. అన్నీ కలిపి సగటు తీస్తే, మామూలుగా ఏడాదికి ఎంత సంపాదిస్తుందో తెలుస్తుంది. ధరని దాంతో భాగించాలి."

చెబుతూనే ఫోనులో లెక్క వేసేశాడు. ఆ పదేళ్ళ లాభాలూ అతనికి ముందే తెలుసు. అత్తగారు వారం కిందటే చాటుగా ఫోన్ చేసి చూడమంది.

"మధ్యలో ఒక ఏడు పన్నెండు రూపాయలు నష్టం వచ్చింది. ఇప్పటి రూపాయల్లో అది పదహారు."

సుందరరావుగారికి కోపం వచ్చింది. "వాళ్ళు పోగొట్టుకుంది పన్నెండే కదయ్యా! అయిపోయిన నష్టాన్ని నువ్వు కూర్చుని పెంచుతావేంటి?"

"లాభాల్నీ పెంచాను కదండీ. మొత్తం మీద ఏడాది సగటు పదిహేను రూపాయలు చిల్లర. అంటే మీరు నాలుగేళ్ళ లాభానికి కాదు, దాదాపు పాతికేళ్ళ లాభానికి కొంటున్నట్టు. చాలా ఖరీదు."

జాషువా భార్య సంధ్య మొగుడి వైపు గర్వంగా చూసింది. అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. విజయకుమారిగారు ఉత్సాహం కొద్దీ, "మెహంగాయి ఎంతేశావు బాబూ?" అని అడిగింది.

"గవర్నమెంటు లెక్క అత్తయ్యగారూ. ఏడాదికి అయిదున్నర శాతం."

"అయిదున్నరా! ఆ లెక్క రాసినవాడు ఏ రోజైనా శాస్త్రీ మార్కెట్‌కి వెళ్ళాడా? పదిహేనుకి తక్కువ ఉంటే నా పేరు మార్చుకుంటా."

అత్తగారి మాట తీసెయ్యడం ఎందుకని జాషువా పదిహేను వేసి చూశాడు. "అలా వేస్తే పాత లాభాలు బాగా పెరుగుతాయి. పాతికేళ్ళ బదులు పంతొమ్మిదేళ్ళు అవుతుంది."

సుందరరావుగారు నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగారు.

"అంటే మెహంగాయి పెరిగేకొద్దీ నా షేరు చౌక అవుతుందన్నమాట."

"లెక్కలో... అవునండీ."

"పదేళ్ళకి రావాలంటే ఎంత ఉండాలి?"

"ఏటా ముప్పై శాతం ఉండాలి," అని నవ్వాడు జాషువా, మాట అక్కడితో తేలిపోతుందనుకుని.

"ముప్పై. అంతేనా? నేను రుజువు చేస్తా. చేస్తే డిపాజిట్ తియ్యాలి, ఏం విజయా?"

"చేసి చూపించండి," అంది ఆవిడ ధీమాగా.

ఆ మర్నాటి నుంచి సుందరరావుగారు వేరే మనిషైపోయారు. ఆయన జన్మలో ధరలు పెరిగితే తిట్టని రోజు లేదు. ఉల్లిపాయ రెండు రూపాయలు పెరిగితే ప్రధానమంత్రి దగ్గర్నుంచి కార్పొరేటర్ దాకా ఎవర్నీ వదిలేవారు కాదు. అలాంటాయన ఇప్పుడు పొద్దున్నే సంచీ పట్టుకుని శాస్త్రీ మార్కెట్‌కి బయల్దేరి, ఏది ఎంత పెరిగిందో ఆశగా అడగడం మొదలుపెట్టారు. వంటనూనె నిరుటికీ ఇప్పటికీ అరవై రూపాయలు పెరిగిందని తెలిసిన రోజున అల్లుడికి ఫోన్ చేసి, "శుభవార్త!" అన్నారు. పెట్రోలు నూరు దాటిన రోజున శంకర్ నగర్‌లో వాళ్ళింటికే వచ్చి సంధ్య చేతిలో పేడాల డబ్బా పెట్టారు.

"నాన్నా, పేడాలెందుకు?"

"నూరు దాటిందమ్మా!" అన్నారాయన, మనవడు క్లాసులో ఫస్టొచ్చినట్టు.

జాషువా నచ్చజెప్పబోయాడు. ముప్పై శాతం అంటే తొమ్మిదేళ్ళ కిందట ఇరవై రూపాయలున్న వస్తువు ఇప్పుడు రెండు వందలు దాటి ఉండాలన్నాడు. అది విని ఆయన నిరుత్సాహపడలేదు సరికదా, అలాంటి వస్తువు కోసం వెతుకులాట మొదలుపెట్టారు. రెండు రోజులకి మంగలి షాపు నుంచి ఫోన్ చేశారు. పూర్వం ఇరవైకి కటింగ్ చేసేవాడు ఇప్పుడు రెండు వందలు అడిగాడట. ఆరా తీస్తే ఆ షాపులో ఈమధ్యే ఏసీ పెట్టి తల మసాజు కూడా కలిపారని తేలింది. "మసాజు తీసేసినా నూట యాభై పడుతుంది," అన్నారాయన పట్టు వదలకుండా.

చివరికి బేరం ఆడటం కూడా మానేశారు. బేరమాడి ధర తగ్గిస్తే తన లెక్క తనే పాడుచేసుకున్నట్టు కదా. కూరగాయల అమ్మాయి వంకాయలు తూస్తూ "అంకుల్, బైంగన్ చాలీస్ రుపయా" అంటే, "బస్, నలభయ్యేనా?" అని దిగులుపడేవారట.

సంగతి బయటపడింది చేపల దగ్గర. విజయకుమారిగారు ఏళ్ళ తరబడి ఒకే మనిషి దగ్గర రోహూ కొంటుంది. కిలో రెండు వందల ఇరవైకి మించి ఆవిడ ఎన్నడూ ఇచ్చింది లేదు. ఆ శనివారం అతను తూకం వేసి, తల ఎత్తకుండానే, "ఢాయీ సౌ," అన్నాడు.

"రెండొందల యాభయ్యా! ఎప్పట్నుంచి?"

"అంకుల్ నే దియా, ఆంటీ. బోలే ఔర్ బఢాఓ."

మొగుడే ఆ ధర ఇచ్చి, ఇంకా పెంచమన్నారని విన్నాక ఆవిడ చేప కొనకుండానే వెనక్కి తిరిగింది. ఆటో ఎక్కి తిన్నగా శంకర్ నగర్ వచ్చి, తలుపు తీసిన జాషువా చేతిలో తన ఫోను పెట్టింది.

"అమ్మెయ్ బాబూ."

"ఏంటి అత్తయ్యగారూ?"

"ఆ షేర్లు. మొత్తం. అవి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీ మావయ్యగారు నన్ను చేప తిననివ్వరు."

"ఒక్కసారి ఆయనతో చెప్పి..."

"పేరు నాది, ఫోను నాది, ఓటీపీ వచ్చేదీ నాకే. సోమవారం పొద్దున్నే అమ్మాలి. అప్పటిదాకా ఈ ఫోను నీ దగ్గరే ఉండనీ. ఇంట్లో ఉంటే నేనే మెత్తబడిపోతాను."

సోమవారం ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుని, అంకెలు పైకి చదివి, అమ్మించింది. ఆ పూట షేరు నాలుగు వందల నాలుగు దగ్గర ఉంది. పదకొండేళ్ళకి షేరుకి నాలుగు రూపాయలు మిగిలింది. మెహంగాయి లెక్కేస్తే సగానికి సగం పోయినట్టేనని జాషువా నోటిదాకా వచ్చింది కానీ, అత్తగారి మొహంలో ఆ వెలుగు చూసి మింగేశాడు.

సంగతి తెలిశాక సుందరరావుగారు వారం రోజులు శాస్త్రీ మార్కెట్ సంచీ ముట్టుకోలేదు. తర్వాత రోజూ సాయంత్రం షేర్ మార్కెట్ మూశాక అల్లుడికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ, నాలుగు వందల ఇరవై రెండు. ఊరికే చెప్పాను." ఫోన్ పెట్టేసేవారు.

మామూలుగా ఆయన అతన్ని "బాబూ" అంటారు. "అల్లుడుగారూ" అన్నారంటే అది తిట్టు కింద లెక్క.

"అల్లుడుగారూ, నాలుగు వందల నలభై. మీ పాతికేళ్ళ లెక్కకి నా నమస్కారాలని చెప్పండి."

జాషువా మొదట నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు తగ్గింది. ఫ్యాక్టరీలో ఖనిజం బిల్లులు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. షేరు నాలుగు వందల అరవై దాటింది. అతను రాత్రి అన్నం తింటూ లెక్క మళ్ళీ వేశాడు. పదేళ్ళ సగటులో తప్పు లేదు. కానీ పాత రోజులు వేరు, ఇప్పటి రోజులు వేరేమో. చైనా వాడు ఖనిజం కొంటూనే ఉన్నాడు. పాత ఏళ్ళని అంత పట్టించుకోవాలా? తనకి తెలియకుండానే మావగారి వాదనంతా తను చేస్తున్నాడు, అదీ ఆయనకంటే బాగా.

మర్నాడు మధ్యాహ్నం, టిఫిన్ బాక్స్ మూత తీసి పక్కనే పెట్టుకుని, సంధ్య వాషింగ్ మెషీన్ కోసం దాచిన డబ్బుతో ఇంద్రకోట షేర్లు వంద కొనేశాడు. నాలుగు వందల అరవై ఎనిమిదికి. కొన్నాక బాగా ఆకలి వేసింది.

రెండు రోజులు అది ఇంకో అయిదు రూపాయలు పెరిగింది. ఆ తర్వాత పెరగలేదు. చైనాలో ఉక్కు కొలుములు తగ్గించారన్నారు, ఖనిజం రేటు పడింది. దసరా నాటికి షేరు మూడు వందలకి, డిసెంబరు మొదట్లో రెండు వందల ముప్పైకి దిగింది. సుందరరావుగారి ఫోన్లు ఆగిపోయాయి. జాషువా ఫ్యాక్టరీలో ఖనిజం చౌకయిందని మిఠాయి పంచితే, అతను ఓ మూల నిలబడి అది తినలేక జేబులో వేసుకున్నాడు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం అందరినీ భోజనానికి పిలిచారు. అత్తగారు రోహూ తలకాయ అల్లుడి కంచంలోనే వేసింది. సుందరరావుగారు ఆ రోజు బాగా మెత్తబడి ఉన్నారు. ప్రార్థన తనే చేస్తానన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. మా అల్లుడికి నువ్విచ్చిన వివేకం కోసం స్తోత్రం. లోకమంతా ఆశపడి పరిగెత్తుతున్నప్పుడు కదలకుండా నిలబడే మనసు అతనికిచ్చావు. నేను అతన్ని ఫోనులో ఎత్తిపొడిచాను, నన్ను క్షమించు. ఆమెన్."

"ఆమెన్," అన్నారు అందరూ. జాషువా అనలేదు.

"ఏమండీ?" అంది సంధ్య.

దేవుడి ముందు అంత మాట వచ్చాక అతని వల్ల కాలేదు. "మావయ్యగారూ, నేను కూడా కొన్నాను," అన్నాడు కంచంలోకి చూస్తూ.

"ఏం కొన్నావు?"

"ఇంద్రకోట. వంద."

"మరి నీ పదేళ్ళ లెక్కో?"

"లెక్క సరిగ్గానే ఉందండీ. నేనే..."

"ఎంతకి?"

"నాలుగు వందల అరవై ఎనిమిది."

సుందరరావుగారు ఒక్క క్షణం అల్లుడి మొహంలోకి చూశారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వు కాస్తా దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. విజయకుమారిగారు లేచి వీపు మీద చరచాల్సి వచ్చింది.

"నాకంటే అరవై ఎనిమిది ఎక్కువ!" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "విజయా, విన్నావా? నాకంటే అరవై ఎనిమిది ఎక్కువకి కొన్నాడు!"

సంధ్యకి మాత్రం నవ్వు రాలేదు. "వాషింగ్ మెషీన్ ఎప్పుడడిగినా దీపావళికి ధర తగ్గనీ అన్నారు. ఇందుకా?" అంది. వాళ్ళమ్మ, "మెషీన్ నేను కొంటాలే. బట్టలు మాత్రం ఏడాదిపాటు అతనే వెయ్యాలి," అని తీర్పు చెప్పింది.

సుందరరావుగారు తన కుర్చీ ఎత్తుకుని వచ్చి అల్లుడి పక్కన వేసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన అలా పక్కన కూర్చోవడం అదే మొదలు.

"బాబూ, నువ్వేం దిగులు పెట్టుకోకు," అన్నారు గొంతు తగ్గించి. "వెలకట్టడం నీకు తెలుసు, నాకు తెలీదు. ఒప్పుకుంటాను. కానీ పడిపోయిన షేరు పట్టుకుని కూర్చోవడం ఈ రాయపూర్లో నాకంటే బాగా ఎవడికీ తెలీదు. పదకొండేళ్ళు కూర్చున్నాను. అన్నీ నేర్పుతా. ముందు భోజనం చేసేటప్పుడు దాని ధర తల్చుకోకూడదు. తిను, తిను."

జాషువా రోహూ తలకాయ విరిచాడు. ఆ పూట రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు.