ఆఖరి సీజన్ మీద ఓటు

మా బావ ఇంటి ముందుగదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి నలుగురు పెద్దమనుషులు చేరి, ఎక్కడా పుట్టని మనిషి ఎన్నడూ చేయని నేరం గురించి పోట్లాడుకుంటారు. నాకు వాళ్లంటే చిన్నచూపు. దాచుకోవడం ఎందుకు? జుట్టు నెరిసినవాళ్లు, పిల్లల్ని కాలేజీలకు పంపుతున్నవాళ్లు, టీవీలో ఒక ఇన్‌స్పెక్టర్ చొక్కాకి మూడో గుండీ ఎందుకు లేదని గొంతులు చించుకుంటుంటే గౌరవించడం నా వల్ల కాదు.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. పదేళ్ల కిందట ఒక సిరీస్ వచ్చింది. అందులో ఒక ముసలి ఇన్‌స్పెక్టర్, నిప్పులాంటి మనిషి. అది అయిపోయినా జనం వదలకపోయేసరికి, ఆ ముసలాయన కుర్రవాడిగా ఉన్నప్పటి కథ అంటూ ఇంకోటి మొదలుపెట్టారు. అది ఐదు సీజన్లు సాగి మూడు వారాల కిందట ముగిసింది. ఆఖరి భాగంలో ఈ కుర్ర ఇన్‌స్పెక్టర్ స్టేషన్ వెనక రేకు డబ్బాలో ఒక కేసు ఫైలు తగలబెడతాడు. ఫైలు లేక ఒక అమాయకుడు జైలుకి పోతాడు. పాత సిరీస్‌లో ఏమో ఇదే మనిషి, "నా సర్వీసులో ఒక్క కాగితం కాల్చలేదు" అని రొమ్ము విరుచుకుని చెప్పి ఉన్నాడు. మరి ఆయన అబద్ధాలకోరా, లేక కథ రాసినవాళ్లకు మతి పోయిందా? మూడు వారాలుగా ఇదీ మా బావ ఇంట్లో దేశ సమస్య. ఆ ఆఖరి సీజన్‌ను ఒప్పుకోవాలా, కొట్టేయాలా అన్నది నలుగురూ ఓటు వేసి తేల్చాలట.

రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. నోరు తెరిస్తే "మూలంలో అలా లేదు" అంటాడు గనుక ఆయనకు మూలం మాస్టారని నేనే పేరు పెట్టాను. ఆయన దృష్టిలో పాత సిరీస్ ఒక్కటే నిజం, ఈ కొత్తదంతా కల్తీ. రెండో మనిషి మందుల షాపు నడిపే ఒకావిడ. సెకనుకోసారి పాజ్ నొక్కి బొమ్మ ఆపి కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుంది. ఆవిడకు నేను పెట్టిన పేరు పాజమ్మ. డబ్బాలో వేసిన ఫైలు ఖాళీదని, దారం ముడి వేరే వైపు ఉందని ఆవిడ వాదన. మా బావ ఇళ్లకు ప్లాన్లు గీస్తాడు, ఇంట్లోనే పని. ఇన్‌స్పెక్టర్ ఫైలు కాల్చాడు, అబద్ధమాడాడు, అందుకే గొప్పవాడు అంటాడు. నాలుగోవాడు దర్జీ. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల వైపు.

వీళ్లకు నియమాలు కూడా ఉన్నాయి. బావ వాటిని అచ్చు వేయించి గోడకు అంటించాడు. కూర్చోగానే అందరి ఫోన్లూ మూత ఉన్న స్టీలు డబ్బాలోకి పోవాలి. ఓటు పూర్తయ్యేదాకా వేరే ముచ్చట ఎత్తకూడదు. నలుగురు లేకపోతే ఓటు చెల్లదు. ఇన్ని నియమాలు వాళ్ల వాళ్ల ఉద్యోగాల్లో పాటించి ఉంటే ఒక్కొక్కరూ ఎక్కడో ఉండేవాళ్లు.

ఈ ఇంట్లో అసలైన నేరాలు తెలిసిన మనిషి ఒక్కతే. మా అక్క. పద్నాలుగేళ్లుగా కోర్టులో స్టెనో. హత్య చేసినవాళ్ల మాటలు, చూసినవాళ్ల మాటలు, కొడుకును పోగొట్టుకున్న తల్లుల మాటలు ఎదురుగా కూర్చుని రాసుకుంది. ఆ నలుగురిలో ఒక్కరైనా ఆమెను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. బిస్కట్లు అయిపోయాయని మాత్రం చెబుతారు.

ఆ శనివారం పొద్దున అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళ తప్పకుండా రావాలి. పెద్ద కోర్టుకి నన్ను తీసుకున్నారు. ప్రమోషన్ మీద."

"ఎక్కడికి?"

"రైల్లో పన్నెండు గంటలు. ఒప్పుకుంటున్నట్టు ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు కంప్యూటర్‌లో పంపాలి. ఐదు దాటితే తీసుకోదు. ఇదివరకు రెండుసార్లు మీ బావ కోసం వదులుకున్నాను. ఈసారి వదులుకోను. ఫారమంతా నింపేశాను. నాతో ఎవరు వస్తున్నారన్న గడి ఒక్కటే మిగిలింది. దాన్నిబట్టే క్వార్టర్ ఇస్తారు."

"బావది ఇంట్లో కూర్చుని చేసే పనేగా. ఎక్కడైనా గీసుకోవచ్చు. అడగలేదా?"

"మూడుసార్లు అడిగాను. ఆఖరి సీజన్ సంగతి తేలాక మాట్లాడదాం అంటారు. నేను చెబితే చెవిలో జోరీగ. నువ్వయితే బావమరిదివి, మొహమాటానికైనా వింటారు. ఆయన వస్తారో రారో ఒక్క మాట చెప్పించు చాలు. వస్తానంటే నాకూ సంతోషమేరా."

అక్క నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. నా గుండె కరిగిపోయింది. "అది నా పూచీ. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాను.

మూడుకి పది నిమిషాల ముందే వెళ్లాను. అక్క నాకు కళ్లతోనే ధైర్యం చెప్పి, పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. తలుపు తెరిచే ఉంచింది. నేను బావ పక్కన చేరి గొంతు సవరించుకున్నాను.

"బావా, మీతో ఒక ముఖ్యమైన సంగతి..."

"ముందు ఫోన్ ఇటివ్వు" అని లాక్కుని డబ్బాలో వేశాడు. "సమయానికి వచ్చావు బావమరిదీ! దర్జీకి జ్వరం. నలుగురు కావాలి. ఇవాళ నీకు ఓటు ఇస్తున్నాం."

"అతను చూడనే లేదుగా" అని మూలం మాస్టారు పెదవి విరిచాడు. "ఇది కాలక్షేపం కాదు బాబూ. అవగాహన ఉండాలి."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ సిరీస్ నేను చూశాను. ఐదు సీజన్లూ చూశాను. బస్సులో వెళ్తూ, వస్తూ, రెండుసార్లు చూశాను. వాళ్లను వెక్కిరించడానికే చూశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పైగా వాళ్లెవరికీ తట్టనిది నాకు ఒకటి తట్టింది. మూడు వారాలుగా అది నా కడుపులో ఉడుకుతోంది. నా ఉద్యోగం అగ్నిమాపక తనిఖీ. ఆఫీసులు, గోడౌన్లు తిరిగి, ఏది అంటుకుంటుంది, ఏది అంటుకోదు, ఎంతసేపట్లో కాలుతుంది అని రాసుకోవడమే నా పని. ఇలాంటి నన్ను పట్టుకుని ఆ మనిషి అవగాహన అన్నాడు.

అయినా తమాయించుకున్నాను. నాలుగింటిదాకా వింటూ కూర్చున్నాను. మాస్టారు మూలం, మూలం అన్నాడు. పాజమ్మ దారం ముడిని తెర మీద గుమ్మడికాయంత చేసి చూపించింది. బావ ఇన్‌స్పెక్టర్ అంతరాత్మ గురించి ఎంత సేపు మాట్లాడాడంటే, కట్టుకున్న భార్య అంతరాత్మ గురించి అందులో పదో వంతు మాట్లాడి ఉంటే నేను ఆ ఇంటికి రావలసిన పనే ఉండేది కాదు. వీళ్లను చూస్తే నవ్వు కాదు, రోత పుట్టింది.

అక్క గుమ్మం దగ్గరికి వచ్చి నా వైపు చూసింది. గోడ గడియారంలో నాలుగుంబావు. నేను తలూపి, బావ వైపు వంగాను.

సరిగ్గా అప్పుడే మాస్టారు, "ఫైలు పూర్తిగా కాలి బూడిదైంది. అందులో ఎవరికీ అనుమానం లేదుగా?" అన్నాడు.

"లేదు" అన్నారు మిగతా ఇద్దరూ.

నా ఒళ్లు మండిపోయింది. "ఎందుకు లేదు?" అన్నాను. "అయిదు వందల కాగితాల కట్ట, దారంతో బిగించి కట్టింది, సిగరెట్టు తాగినంత సేపట్లో కాలుతుందని ఏ గాడిద చెప్పాడు మీకు? లోపలికి గాలే పోదు. అంచులు మాడతాయి, అంతే. వాడు ఆ వెంటనే నీళ్లు కూడా పోశాడు. ఎందుకు పోశాడు? తగలబెట్టమన్న పై అధికారికి తగలబెట్టినట్టు కనబడాలి, కాగితాలు మాత్రం మిగలాలి. అందుకు!"

పాజమ్మ చేతిలోంచి రిమోటు జారింది. మూలం మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రుజువేమిటి?" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగినంత ఆనందం నా పెళ్లిలో కూడా కలగలేదు.

"బకెట్ తీసుకురండి" అన్నాను.

పాత పత్రికలు కట్ట కట్టాం. బావ దారం బిగించాడు. ఫైలులో ముడి అటు వైపు ఉందని పాజమ్మ విప్పించి మళ్లీ కట్టించింది. బాల్కనీలో ఇనప బకెట్ పెట్టాం. జనానికి నిప్పుతో ఆటలొద్దని చెప్పి జీతం తీసుకునే నేను, మూడో అంతస్తు బాల్కనీలో, ఆరేసిన బట్టల కింద, అగ్గిపుల్ల గీశాను.

అక్క రెండోసారి వచ్చింది. "ఒరేయ్" అంది.

"ఒక్క నిమిషం అక్కా, ఒక్క నిమిషం" అని చెయ్యి చూపించాను. ఎనిమిది నిమిషాలు లెక్కపెట్టాలి. టీవీలో సరిగ్గా అంతే సేపు మండిందని పాజమ్మ తేల్చింది. నేను గోడ గడియారం మీద కళ్లు పెట్టాను. నాలుగూ నలభై తొమ్మిదికి అంటించాం. యాభై. యాభై ఒకటి. పొగకు పై ఇంటివాళ్లు కేకలేస్తున్నా బావ వినిపించుకోలేదు. యాభై అయిదు. యాభై ఆరు. ప్రతి నిమిషాన్నీ నేనే పైకి చదివాను. ముల్లు ఏ అంకె వైపు నడుస్తోందో మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

"యాభై ఏడు! పోయండి నీళ్లు!"

కట్ట తీసి విప్పాం. అంచులు నల్లబడ్డాయి. లోపల కాగితాలు తెల్లగా, అక్షరం చెదరకుండా ఉన్నాయి. బావ ఒక పెళ్లి ప్రకటన పైకి చదివి వినిపించాడు. మూలం మాస్టారు నన్ను కౌగిలించుకున్నాడు. "మూలానికి మచ్చ రాలేదు బాబూ! ఒక్క కాగితం కాల్చలేదన్నాడు, కాల్చలేదు!" ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు. నలుగురం చేతులెత్తాం. నాలుగుకి నాలుగు ఓట్లు. ఆఖరి సీజన్ అంగీకరించబడింది. ఆ గదిలో అందరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారట.

చప్పట్లు కొడుతుండగా అక్క వచ్చి నిలబడింది.

"అయిందాండీ?" అంది బావతో.

"అయింది! మీ తమ్ముడు ఉన్నాడే, వాడు మామూలోడు కాదు!"

"నాదీ అయింది. పంపేశాను. ఒకటో తారీకున అక్కడ చేరాలి."

"ఎక్కడ చేరాలి?" బావ నవ్వు మొహం ఇంకా అలాగే ఉంది.

"పెద్ద కోర్టులో. సోమవారం చెప్పాను. బుధవారం చెప్పాను. నిన్న అన్నం పెడుతూ చెప్పాను. వెంట ఎవరొస్తున్నారని ఫారంలో అడిగారు. నాలుగూ యాభై తొమ్మిది దాకా చూశాను. ఎవరూ లేరని రాశాను."

"అదేమిటి! నన్ను ఒక్క మాట అడగకుండా..." అని బావ నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇది?"

నేను అక్క వైపు తిరిగాను. మూలం మాస్టారు డబ్బా మూత తీసి ఫోన్ వెతుక్కుంటున్నాడు. పాజమ్మ వంగి చెప్పులు వేసుకుంటోంది. నా చేతులు మసితో నల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచి వాళ్ల ముగ్గురి మీదా నేను పెంచుకున్న అసహ్యమంతా ఇప్పుడు ఎటు పోవాలో తెలియక నాలోనే నిలబడిపోయింది.

"అక్కా, దాన్ని మార్చడానికి కుదరదా? నేను మాట్లాడతాను. ఇప్పుడే మాట్లాడతాను."

"మాట్లాడావుగా. అంతా విన్నాను. చాలా బాగా మాట్లాడావు" అంది అక్క. గొంతులో కోపం లేదు. "పద్నాలుగేళ్లలో ఎంతోమంది ప్లీడర్లను చూశానురా. ఓడిపోయినవాళ్లను చూశాను, అమ్ముడుపోయినవాళ్లను చూశాను. ఎవరి తరఫున వచ్చాడో మర్చిపోయినవాణ్ని మాత్రం ఇవాళే చూశాను."