మిషను కింద సంచి

ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలకు పాఠం చెప్పేది నేనే. వారమంతా కుట్టుమిషను ముందు వంగి కూర్చునేవాణ్ణి, ఆ ఒక్క గంటా నిటారుగా నిలబడతాను. నా గొంతు నాకే ముద్దొస్తుంది. పిల్లలు తండ్రిని చూసి నేర్చుకున్నట్టు మనం దేవుణ్ణి చూసి నేర్చుకోవాలన్నది ఆ రోజు పాఠం. ఊరికే చెబితే బుర్రకెక్కదని ఒక ఆట పెట్టాను. ఒక్కొక్కరూ ముందుకొచ్చి అమ్మో నాన్నో చేసే పని చేసి చూపించాలి.

రొట్టెల బట్టీ ఆయన కొడుకు గాలిలో పిండి పిసికాడు. బస్సు డ్రైవరు కూతురు స్టీరింగు తిప్పుతూ, అడ్డొచ్చిన వాళ్ళందరికీ నోటికొచ్చినట్టు చీవాట్లు పెట్టింది. వెనక బెంచీల మీద పెద్దవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. డ్రైవరు తల దించుకుంటే నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను. అప్పటికి మా అమ్మాయి చిట్టి వంతు రాలేదు మరి.

చిట్టికి ఆరేళ్ళు. బడి నుంచి వచ్చి నా మిషను పక్కనే ఆడుకుంటుంది. జడ రిబ్బను విప్పి టేపులా మెడలో వేసుకుంది. సుద్దముక్క చెవి వెనక పెట్టుకుంది. వెనక వరసలో కూర్చున్న నర్సమ్మగారిని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. ఇంతమంది ఉండగా ఆవిడే దొరికింది.

ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారని ఆవిడను అందరం అలాగే పిలుస్తాం. మా పాటల బృందంలో పెద్దావిడ. బృందంలోని ఎనిమిది మందికీ నీలం అంగీలు కుట్టింది నేనే. ఆఖరిది ఆవిడది. గుడ్డ చాల్లేదని చెప్పి, చేతులు మోచేతి దాకానే పెట్టాను. ఆవిడ ముంజేతి మీద ఎప్పుడో కాలిన పెద్ద మచ్చ ఉంది. అది కనపడకుండా ఎంత ఎండలోనైనా అంగీ మీద స్వెటరు వేసుకుని, చెమటలు కక్కుతూ పాడతారు.

చిట్టి రిబ్బనుతో ఆవిడ కొలతలు తీసింది. "నాలుగు మీటర్లు పడుతుందండీ" అంది, అచ్చం నాలాగే గొంతు సాగదీస్తూ. చేతిరుమాలు నేల మీద పరిచి, రెండు వేళ్ళతో కత్తిరించింది. ఆ తర్వాత ఆవిడ మొహంలోకే చూస్తూ, రుమాలును కాలితో మెల్లగా బెంచీ కిందకు తోసింది. ఎక్కడ లేని దిగులూ తెచ్చుకుని, "బొత్తిగా చాల్లేదమ్మా, ఎలాగో సర్దాను" అంది.

కాలితో తోయడం నాకు మా నాన్న నేర్పిన విద్య. ఆయన మిషను కింద సంచి ఉండేది, నా మిషను కిందా ఉంది. మిగిలిన గుడ్డ దర్జీదేననేవాడు. మిగిలేలా అడగడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దాన్ని దొంగతనమని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ నీలం రంగు బాగుందని, చిట్టికి గౌను కుడదామని రెండు మీటర్లు సంచిలోకి తోశాను. కుడితే గుర్తుపడతారని భయపడి అలాగే ఉంచేశాను.

జనం విరగబడి నవ్వారు. నర్సమ్మగారు మాత్రం నవ్వలేదు. స్వెటరు చెయ్యి కిందకు లాక్కుని నావైపు చూశారు. ఆవిడ కోప్పడినా బాగుండేది. నాకు ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. నోరు మాత్రం బాగానే పనిచేసింది.

"దీనికి నాటకాలెక్కువ. లేనిపోనివన్నీ కల్పిస్తుంది" అన్నాను.

చిట్టి మొహం చిన్నబోయింది. నా దగ్గరకొచ్చి, నా చొక్కా అంచు పట్టుకుని అడిగింది.

"నువ్వు చేసినట్టే చేశా కదా నాన్నా. ఎక్కడ తప్పు చేశా?"

అప్పుడు సిగ్గుతో నేను చచ్చాను. దేవుణ్ణి చూసి నేర్చుకోమని గంట నుంచీ ఊదరగొడుతున్నాను. ఇది దేవుణ్ణి ఎక్కడ చూసింది? పొద్దస్తమానం చూసేది నన్నే. ఆ నేను నా తప్పును ఇప్పుడు దీని మీదకే తోసేశాను.

"నువ్వేం తప్పు చెయ్యలేదు తల్లీ. నేను చేసేదే చేశావు" అన్నాను. నర్సమ్మగారి ముందుకు వెళ్ళాను గానీ తలెత్తలేకపోయాను. "గుడ్డ చాలిందండీ. మిగిలింది కూడా. నేనే దాచుకున్నాను. నన్ను క్షమించండి."

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"రేపొస్తాను. అంగీకి పొడుగు చేతులు కుట్టిపెట్టు" అన్నారు నర్సమ్మగారు.

అన్నట్టే మర్నాడు వచ్చారు. దుకాణంలో స్వెటరు విప్పి చెయ్యి చాపారు. ఆ మచ్చను అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. కొలత తీసి, సంచిలోంచి నీలం గుడ్డ బయటికి లాగి, ఆవిడ ఎదుటే కత్తిరించాను. జానెడు ముక్క జారి కింద పడింది. నా కాలు దానంతటదే కదలబోయింది.

చిట్టి మిషను పక్కన గొంతుక్కూర్చుని నా కాలినే చూస్తోంది.

కాలు వెనక్కి తీసుకున్నాను. వంగి, ఆ ముక్క తీసి నర్సమ్మగారి చేతిలో పెట్టాను. చిట్టి కూడా వెంటనే వంగింది. మిషను కిందకు దూరి, ఆవిడ గుడ్డ ఇంకేమైనా ఉందేమోనని సంచి బోర్లించి వెతకసాగింది.