మా బాత్రూంలో కోనసీమ రాయి

మా ఆవిడ రాళ్ళు చేస్తుంది. ఈ మాట చెబితే ఆమె ఇడ్లీల గురించి చెబుతున్నాననుకుని నవ్వుతారు. కాదు, నిజంగానే రాళ్ళు. ఇసుకలో ఏదో బంక కలిపి, ఇనుప గొట్టంలో కూరి, గట్టిగా నొక్కి, బయటికి తీసి ఎండబెడుతుంది. దానికి పీహెచ్‌డీ ఇస్తారట.

నేల అడుగున గ్యాస్ ఏదో గుహలో నిండి ఉంటుందనుకునేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెబుతున్న నాకే తెలియదు, ఇక నా దగ్గర చదివే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. గ్యాస్ ఉండేది రాతిలోని సన్నని రంధ్రాల్లో. అంత లోతు నుంచి తీసిన అసలు రాయిని కంపెనీలు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వవు. అందుకని మా ఆవిడ రజిత కోనసీమ కింద ఉండే రాయి లాంటిదాన్ని తానే చేసి, దానిలోంచి గ్యాస్ ఎంత తేలిగ్గా పోతుందో కొలిపించాలి. ఆ లెక్క అసలు రాయి లెక్కకి దగ్గరగా రావాలి. ఆమె రాళ్ళలోంచి మాత్రం గ్యాస్ జల్లెడలోంచి నీళ్ళు పోయినట్టు పోయేది.

యూనివర్సిటీలో ఓవెన్ చెడిపోయింది. బాగుచేయించే ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి రాళ్ళు ఎండేది ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ మేడమీదే. పనికిరాని రాళ్ళకి మా ఇంట్లో ఉద్యోగాలు దొరికాయి. ఒకటి తలుపుకి అడ్డం, ఒకటి నా నోట్సు మీద బరువు. ఒకటి మా అమ్మ మడమలకి.

మా అమ్మ నాగేశ్వరిది అమలాపురం దగ్గర పల్లె. హైదరాబాదు వచ్చాక ఆమె మడమలు పగిలాయి. తప్పు బోరు నీళ్ళది, టైల్స్‌ది, తర్వాత నాది. రోజూ పొద్దున్నే పాదాలకి ముల్తానీ మట్టి పట్టించి, బాత్రూంలో పీట వేసుకుని, కోడలిచ్చిన రాయితో గరగరా రుద్దేది. తువ్వాలు భుజాన వేసుకుని నేను బయట నిలబడేవాణ్ణి. తలుపు కొడితే, "నీ క్లాసు ఎక్కడికీ పారిపోదులేరా" అనేది. రుద్దడం అయ్యాక రాయిని కడిగి, మేడమీద తన వడియాల పక్కన ఎండలో పెట్టేది.

కోడలి చదువంటే మా అమ్మకి పెద్ద నమ్మకం లేదు.

"మా ఊళ్ళో గ్యాస్ వాళ్ళు పొలాల్లో గొట్టాలు దింపేశారు. ఎవరూ ఇలా ఇసక ముద్దలు చెయ్యలేదమ్మా" అంది ఒకసారి.

"గొట్టం దించినంక ఎంత ఒస్తది, ఎన్నేండ్లు ఒస్తది, గది తెల్వాలె గదా అత్తమ్మా. మీ పుట్టింటి కింద రాయినే నేను చేస్తున్న."

"మా పుట్టింటి రాయి పోచంపల్లి పిల్ల చెయ్యడమేమిటి, విడ్డూరం కాకపోతే."

రజిత వాళ్ళది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. పెళ్ళి భోజనాల్లో పులుసులో బెల్లం వెయ్యలేదని మా అమ్మ అన్న ఒక్క మాటకి, వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ అప్పటి నుంచి మా గడప తొక్కలేదు.

మొన్న వేసవికి రజిత గడువు ముగింపుకొచ్చింది. సోమవారం గ్యాస్ కొలిచే మిషన్ మీద ఆఖరి పరీక్ష. ఈసారీ లెక్క రాకపోతే రిజిస్ట్రేషన్ పోతుందని గైడ్ భానుమూర్తి గారు చెప్పేశారు. "నాకు భయమైతుంది మురళీ" అంది రజిత. ఎప్పుడూ ఆ మాట అనని మనిషి అలా అంటే నాకు అన్నం సయించలేదు.

చేసినవాటిలో పగలకుండా మిగిలింది ఒకటే. ఆదివారం అది మేడమీద ఎండుతుండగా వాన దబదబా కురిసింది. మా అమ్మ పరుగున వెళ్ళి వడియాలు పళ్ళెంలో, రెండు రాళ్ళు కొంగులో వేసుకుని దిగివచ్చింది. ఒకటి రజిత బల్లమీద పెట్టింది, రెండోది బాత్రూంలో. "నేను చూడబట్టి సరిపోయింది, లేకపోతే నీ పీహెచ్‌డీ కాలవలో కలిసిపోయేది" అని సాయంత్రం దాకా చెబుతూనే ఉంది.

సోమవారం సాయంత్రం రజిత వచ్చి, చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి. అయిపోయిందనుకున్నాను.

"ఒచ్చింది" అంది. "అసలు రాయికి దగ్గరొచ్చింది. సార్ మళ్ళ మళ్ళ కొలిపించిండు. ఎట్ల చేసినవమ్మా అని అడుగుతుండు. నేనేం చెప్పాలె? ఎప్పటి లెక్కనే చేసిన. ఇంకో రెండు గిట్లనే చేసుకరా, అప్పుడే నమ్ముతా అన్నడు."

పొద్దున నీళ్ళు రాక, అప్పుడే పీట వేసుకున్న అమ్మ బాత్రూంలోంచి కేక వేసింది. "అమ్మాయ్, ఈ రాయికేమైంది? ఇవాళ మడమ కొరికేస్తోంది. నా రాయి మెత్తగా ఉండేది. ఇది నాది కాదు."

రజిత చెప్పులతోనే బాత్రూంలోకి వెళ్ళింది. పీట పక్కన తను చేసిన కొత్త రాయి నురగలో పడి ఉంది. అంటే మిషన్ మీద కూర్చుని వచ్చింది మా అమ్మ మడమ రాయి.

"అత్తమ్మా, గా రాయికి మీరు ఏమేం పెడ్తరు?" అని అడిగింది రజిత, డాక్టరు రోగిని అడిగినంత నెమ్మదిగా.

భూమిలోని రాతి రంధ్రాలకి లోపల మట్టి పూత ఉంటుందట, గ్యాస్‌ని పట్టి ఆపేది అదేనట. ముందే ఇసుకలో మట్టి కలిపితే రజిత రాళ్ళు పొడైపోయేవి. మా అమ్మ రోజూ రుద్ది రుద్ది ముల్తానీ మట్టిని నెమ్మదిగా లోపలికి ఎక్కించింది. చేత్తో పూస్తే చాలదా అన్నాను, ఫిజిక్సు మాస్టారి హోదాలో. పూసి చూశాం, పైపైనే ఉండిపోయింది. రుద్దాల్సిందే.

"ఒకటి నేను రుద్దుతాను. రెండోదానికి నా దగ్గర పగుళ్ళెక్కడివి? మడమలు తేరుకున్నాయి" అంది అమ్మ. ఆలోచించి, ఎటో చూస్తూ, "మీ అమ్మని పిలువు" అంది.

మర్నాడే రాజేశ్వరమ్మ గారు సంచీతో దిగారు. జీవితమంతా మగ్గం తొక్కిన కాళ్ళు. "గిదేం చదువు బిడ్డా" అంటూనే చీర ఎగదోపుకుని పీట మీద కూర్చున్నారు. మా బాత్రూంలో రెండు పీటలు పడ్డాయి. నేను బకెట్ పట్టుకుని మేడమీద వాటర్ టాంకు పక్కకి మారిపోయాను.

మొదట్లో రెండు గరగరలు తప్ప మాటలు వినిపించేవి కావు. కొన్నాళ్ళకి, "వదినగారూ, ఆ మట్టి ఇలా ఇవ్వండి" అని వినిపించింది.

"తీస్కోండ్రి వదినా. జర పల్చగ కలుపుండ్రి, మంచిగ పడ్తది."

బెల్లం లేని పులుసు సంగతి కూడా వచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం చలేసింది, తల తుడుచుకుంటూ మెట్లు దిగుతున్నాను మరి.

దసరా ముందు రెండు రాళ్ళూ మిషన్ ఎక్కాయి. రెండూ నెగ్గాయి. థీసిస్ ఇచ్చేయమన్నారు భానుమూర్తి గారు. రజిత ఏడుస్తూ ఇద్దరు తల్లుల్నీ పట్టుకుంది.

"రెండిట్ల ఏది బాగొచ్చింది బిడ్డా?" అని అడిగారు రాజేశ్వరమ్మ గారు.

రజితకి అబద్ధం రాదు. "నీదే అమ్మా. అసలు రాయికి ఇంకా దగ్గర."

రాజేశ్వరమ్మ గారు కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"మా ఊరి కింది రాయి ఆవిడ కాళ్ళకెలా తెలుస్తుంది?" అంది మా అమ్మ. రాత్రి అన్నం కూడా సగమే తింది.

పండగ వెళ్ళింది. థీసిస్ వెళ్ళింది. రాజేశ్వరమ్మ గారు పోచంపల్లి వెళ్ళారు. ఇన్నాళ్ళకి బాత్రూం నాదేనని తువ్వాలు తీసుకుని వెళితే, తలుపు గడియ వేసి ఉంది. లోపల గరగర.

"అమ్మా, రజిత చదువు అయిపోయింది" అన్నాను.

"నీ క్లాసు ఎక్కడికీ పారిపోదులేరా" అంది లోపల్నుంచి. "ఇంకొక్కసారి కొలవమని వాళ్ళ మాస్టారికి చెప్పు."