నవనీత వెనక్కిచ్చిన షీల్డు

నేను ఒక షీల్డుని. చెక్క పీట, దాని మీద బంగారు రంగు రేకు. నా ఒంట్లో ఉన్న సొమ్మంతా అదే. హైదరాబాదులో బహుమతులు అమ్మే దుకాణంలో, క్రికెట్ కప్పుల పక్కన పుట్టాను. నర్సుల దినోత్సవానికి ఒక ఆసుపత్రివాళ్లు నన్ను కొని, 'ఉత్తమ నర్సు ఎస్తేరు' అని చెక్కించారు. ఆ ఏడు జీతాలు పెంచుతామని చెప్పి, పెంచకుండా నన్నిచ్చారు. తోడుగా ఒక శాలువా. "మీ సేవకు వెల కట్టలేం" అన్నాడు వేదిక మీది పెద్దమనిషి. పాపం, అన్నంత పనీ చేశాడు.

ఎస్తేరు క్యాన్సర్ పిల్లల వార్డులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. తోటివాళ్లు చాలామంది ఎక్కువ జీతమిచ్చే చోట్లకు వెళ్లిపోయారు. ఆమెకూ రెండుసార్లు పిలుపొచ్చింది. "వెళ్దామనే అనుకుంటాను. ఈలోగా ఎవరో ఒక పిల్ల నువ్వే సూది పెట్టాలంటుంది" అని నవ్వేసేది.

అలాంటి పిల్లే నవనీత. ఎనిమిదేళ్లు, మక్తల్ వైపు ఊరు. తండ్రి కుర్మయ్య గొర్రెలు కాస్తాడు. రక్త క్యాన్సర్‌కు రెండేళ్లకు పైగా మందులు వాడింది. వైద్యం ముగిసిన రోజున ఎస్తేరు నా రేకు మీద, సూది కదలకుండా అంటించే తెల్ల టేపు వేసి, దాని మీద నవనీత పేరు రాసింది. వార్డంతా చప్పట్లు కొడుతుంటే నన్ను ఆ పిల్ల చేతుల్లో పెట్టి "గెలిచావే!" అంది. అంతకన్నా మంచి మాట నాకూ తోచలేదు. వాళ్లింట్లో టీవీ పక్కన దర్జాగా కూర్చున్నాను.

ఏడు నెలలకే జబ్బు తిరగబెట్టింది. నవనీత నన్ను తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి తెచ్చింది. ఎస్తేరు మంచం దగ్గరికి రాగానే, అమ్మ పక్కనుండగానే, తలెత్తకుండా నన్ను ముందుకు చాపింది.

"ఇది తీస్కో సిస్టర్. నేను గెలువలే గద."

ఎస్తేరు మంచం అంచున కూర్చుంది.

"తప్పు నాది తల్లీ. ఇందులో గెలవడాలూ ఓడడాలూ లేవు. నేనే నోరు జారాను. సూదికి చెయ్యి చాపావు చూడు, అందుకే ఇచ్చాను."

"మల్ల ఏడిస్తే?"

"ఏడ్చినా నీదే."

ఆ పిల్ల నన్ను దిండు పక్కకు లాక్కుంది. నా ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాతి నెలన్నరలో తను చాలాసార్లు ఏడ్చింది. ఒక మధ్యాహ్నం, ఎస్తేరు చెయ్యి పట్టుకుని ఉండగానే పోయింది.

సామాను సర్దుతూ కుర్మయ్య నన్ను ఎస్తేరుకు ఇవ్వబోయాడు. "మీ వస్తువమ్మా." ఆమె నన్ను తీసి, నవనీత బట్టల సంచిలోనే పెట్టి ముడి వేసింది.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాను. వచ్చిన చుట్టాలు నన్ను చూసి "బిడ్డ దేంట్ల గెలిచింది?" అని అడుగుతారు. కుర్మయ్య లేచి బయటికి వెళ్లిపోతాడు. తల్లి కొంగుతో నా దుమ్ము తుడుస్తూ చెబుతుంది.

"గెలువలే. మస్తు ఏడ్చింది. అయినా ఇది దాన్దే."