ఎవరికి ఎవరు తోడు

ఆస్ట్రేలియాలోని మా టౌన్స్‌విల్‌లో సైన్యం నుంచి బయటికొచ్చిన మగాళ్లందరిదీ ఒకటే జబ్బు. మోకాళ్లు అరిగినా, నడుము పట్టేసినా, నిద్ర పట్టకపోయినా "మనకేం, మనకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్లు లేరూ" అంటారు. ఆ అధ్వాన్నంగా ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్తే వాడూ అదే మాట అంటాడు. సర్కారేమో మాజీ సైనికుల వైద్యానికని తెల్ల కార్డు చేతికిచ్చి, కసరత్తు చేయించే మనిషిని ఒకరిని, మనసు విప్పి మాట్లాడుకోవడానికి సైకాలజిస్టుని ఒకరిని పెట్టి, "రండి నాయనా, ఖర్చంతా మాదే" అంటోంది. వీళ్లు కదిలితే కదా.

మా ఆయన కెల్విన్ తూర్పు తైమూర్ దేశంలో సైన్యం లారీలు తోలాడు. మోకాలు అక్కడే పాడైందని సర్కారు ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఈయనే. ఈ ఏడాది వానలు మొదలయ్యాక గుమ్మం దాటడం మానేశాడు. చేపలకి వెళ్లడు, ఫోను ఎత్తడు, అన్నిటికీ "ఊఁ" అంటాడు. ఒకప్పుడు ఈయన జోకులకి పక్కింటివాళ్లు కూడా నవ్వేవాళ్లు. అలాంటి మనిషి ఎదురుగా కూర్చునే నాకు దూరమైపోతుంటే నిజంగా భయమేసింది.

"సైకాలజిస్టుతో మాట్లాడరాదూ" అన్నాను.

"నేనేమైనా తూటా దెబ్బ తిన్నానా? లారీ తోలాను. ఆ కుర్చీ డార్సీలాంటివాడిది."

"మనసు బాగోలేదంటే చాలట. సైన్యం వల్లేనని రుజువులేమీ అడగరట."

"మరీ మంచిది. ఆ మాట డార్సీతో చెప్పు."

డార్సీ ఈయన స్నేహితుడు, తైమూర్‌లో ఈయన ఉన్న శిబిరంలోనే వంటవాడు. వాళ్లావిడ షెరిల్‌కి ఫోను చేస్తే ఆవిడ పళ్లు కొరుకుతోంది. "మా వాడేమో ముందు కెల్విన్‌ని పంపమంటాడు. రాత్రంతా గ్యారేజీలో కారెక్కి ఊరికే కూర్చుంటాడు. అడిగితే బ్యాటరీ చూస్తున్నానంటాడు. ఏం బ్యాటరీయో, ఏం చూడటమో."

నాకు ఒళ్లు మండింది. తమకోసం అడుగు కదపరు గానీ, స్నేహితుడికోసమంటే అగ్గిలో దూకుతారు. సరే, దూకించేద్దామనుకున్నాం. "డార్సీ పరిస్థితి బాగాలేదు, నువ్వు తోడొస్తేనే వెళ్తాడట" అని నేను మా ఆయనకి చెప్పాను. షెరిల్ వాళ్లాయనకి పేరు మార్చి అదే చెప్పింది. ఉత్త తోడుకి లోపలికి రానివ్వరని ఇంకో అబద్ధమాడి, ఇద్దరిచేతా డాక్టరు చీటీ కూడా తెప్పించాం. ఇద్దరూ గడ్డాలు గీసుకుని, ఎదుటివాణ్ణి ఉద్ధరించడానికి క్లినిక్కి బయల్దేరారు.

కసరత్తు చేయించే అమ్మాయి పేరు టీగన్. హాల్లో గోడవారగా మా ఆడవాళ్లిద్దరికీ కుర్చీలు వేసి, మనసు విప్పి మాట్లాడుకోవాలంటే పక్క గదిలో సైకాలజిస్టు ఆవిడ కూడా ఉందని చెప్పి, వాళ్లిద్దరికీ పరీక్ష మొదలెట్టింది. చేతుల్లో చెరో బరువు పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోమంది. మా ఆయన పాతికేళ్ల కుర్రాడిలా లేచి కూర్చుంటున్నాడు. ఇంట్లో సోఫాలోంచి లేవడానికి మూలిగే మనిషి.

"చూశావురా, ఇంతే. భయపడకు" అన్నాడు డార్సీతో.

"భయమెవడికిరా? నువ్వు జాగ్రత్తగా చెయ్యి" అని డార్సీ ఇంకా పెద్ద బరువు అందుకున్నాడు.

"ఒరేయ్, అది నీ పప్పు గంటె కాదు, దించు."

"నీ లారీకంటే నా గంటే నయం. గుంటలో దిగబడి దారికడ్డంగా ఆగిపోలేదు."

ఇద్దరికీ చెమటలు ధారలు కడుతున్నాయి. పరీక్ష అంటే వాళ్లకి నెగ్గడమే తెలుసు. నొప్పి ఎక్కడుందో చూపించడానికి కూడా పరీక్ష ఉంటుందని ఎవరూ నేర్పలేదు. టీగన్ కాగితం పక్కన పెట్టింది.

"ఇద్దరూ ఇంత బాగుంటే నేను చేయించేదేముంది? డాక్టరుగారికి అదే రాస్తాను."

నేను నోరు తెరవబోతే షెరిల్ మోచేత్తో పొడిచింది. టీగన్ మాత్రం మా ఆయన వణుకుతున్న తొడవైపే చూస్తోంది. ఇలాంటి మొండిఘటాలు ఆ అమ్మాయికి రోజూ తగులుతాయి కాబోలు.

"మీ సంగతి వదిలేయండి కెల్విన్‌గారూ. మీ స్నేహితుడు ఎలా ఉన్నాడు?"

మా ఆయన గొంతు తగ్గించాడు. "వాడి నడుము ఎడంవైపు వంగదు తల్లీ. నిద్రపోడు. గ్యారేజీలో కారెక్కి కూర్చుంటాడట. అందుకే తీసుకొచ్చాను."

డార్సీ తల తిప్పాడు. "నువ్వు నన్ను తీసుకురావడమేంట్రా? నేను కదా నిన్ను తీసుకొచ్చింది."

ఇద్దరూ కలిసి మావైపు చూశారు. నేనూ షెరిల్ గోడమీది ఎముకల బొమ్మని శ్రద్ధగా చదవడం మొదలెట్టాం.

"డార్సీగారూ, మరి మీరు చెప్పండి" అంది టీగన్, నవ్వు ఆపుకుంటూ.

డార్సీ నవ్వలేదు. "వీడు ఫోనెత్తడమ్మా. కారెక్కి కూర్చుంటానంటున్నాడే, అది వీడికోసమే. ఒక్కోరోజు వీళ్ల వీధిలోకి వెళ్లి, లైటు వెలిగిందా లేదా అని చూసొస్తాను. వెలిగితే వీడు ఉన్నాడని అర్థం. కొన్ని రోజులు వెళ్లే ధైర్యం కూడా ఉండదు. ఎప్పుడైనా వెలగకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు."

ఆ సంగతి షెరిల్‌కీ తెలీదు, నాకూ తెలీదు. మా ఆయన బరువు కింద పెట్టాడు.

"నాకు బాగాలేదు తల్లీ, అలా రాసుకో" అన్నాడు చివరికి. "మోకాలొక్కటే కాదు. పక్క గదిలో ఒకావిడ మాట్లాడుతుందన్నావు, ఆవిడ ఎప్పుడు దొరుకుతుంది?"

"ఇవాళే దొరుకుతుంది. ఒకాయన రానన్నాడు."

"తనకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్లున్నారని అనుంటాడు" అంది షెరిల్.

మా ఆయన నవ్వాడు. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు. డార్సీ భుజం తట్టి, "నువ్విక్కడే ఉండరా" అని ఆ గదివైపు బయల్దేరాడు. పెళ్లైన ఇన్నేళ్లలో నా ఎదుట ఒక్క అడుగైనా తడబడని మనిషి, ఆ గుమ్మందాకా అందరూ చూస్తుండగా కుంటుకుంటూ నడిచాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.