మోచెయ్యి పట్టు

మా అన్న కూతురు సమత చేవెళ్ల జట్టులో కబడ్డీ ఆడుతుంది. దాని మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి పైన తెల్లగా రాలే పొట్టు. సోరియాసిస్. మా బాపుకు ఉండేది, నాకుంది, మా అన్నను వదిలేసి వాడి కూతుర్ని పట్టుకుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు, పూర్తిగా పోనూ పోదు. మందు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. నేను టైలర్‌ని. నా జాకెట్ల చేతులన్నీ మణికట్టు దాకా ఉంటాయి. ఎండాకాలమైనా అంతే.

అందుకే మొయినాబాద్‌లో మ్యాచ్ అనగానే దాని జెర్సీకి కూడా పొడుగు చేతులు అతికి కుట్టాను. రంగు కూడా చక్కగా కలిసింది. తీరా గ్రౌండులో దిగాక రెఫరీ ఆపి, జట్టులో అందరి జెర్సీలూ ఒకేలా ఉండాలన్నాడు. ఆయనతో నేను పెట్టుకున్న పంచాయితీ రోడ్డు మీది బస్సుల వాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. లాభం లేకపోయింది. సంచిలోంచి కత్తెర తీసి నా కుట్లు నేనే విప్పాను. సమత తల ఎత్తలేదు.

అలాగే కూతకు వెళ్ళింది. మొయినాబాద్ పిల్లలు దాని చేతులు చూసి వెనక గీత దాకా జరిగారు. ఇద్దరిని తాకి తాపీగా నడిచి వచ్చేసింది. రెండోసారీ అంతే. ఎవరూ దాని మీద చెయ్యి వేయరు. మా జట్టు కోచ్ ప్రేమ్‌చంద్ సారు గంతులేశాడు. అబద్ధమెందుకు, నేనూ చప్పట్లు కొట్టాను. ఇన్నేళ్ళకు మా ఇంటి జబ్బు ఒక్క మంచి పని చేసిందనుకున్నాను.

విరామంలో నీళ్ళ సీసా ఇస్తే సమత తాగలేదు.

"అత్తా, నేనిగ ఆడను. ఒక్కరన్న నన్ను పడ్తలేరు. దగ్గరికి పోతే పారిపోతున్నరు."

ఒళ్ళు మండింది. నేరుగా ఆ పిల్లల దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా నా జాకెట్ చెయ్యి పైకి లాగాను. ఇది మా ఇంట్లో తరతరాలుగా వచ్చేదని, ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయనకే అంటలేదని, మీకెట్లా అంటుతుందని అడిగాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళ కెప్టెన్ మేఘ మాత్రం నా మచ్చనే చూస్తోంది.

"పట్టు బిడ్డా. గట్టిగ పట్టి చూడు."

కాసేపు తటపటాయించి పట్టుకుంది. అబ్బ, అదేం పట్టు! వెనక నుంచి ప్రేమ్‌చంద్ సారు, గెలిచే ఆటను చెడగొట్టావు కదా మంజులక్కా, అసలు నీది ఏ ఊరని తల పట్టుకున్నాడు.

ఒక్క కూతకే అని బతిమాలి సమతను పంపాను. అది గీత దాటిందో లేదో, మేఘ ఉరికొచ్చి మోచెయ్యి ఒడిసి పట్టింది. సరిగ్గా ఆ మచ్చ మీదే. ఆ వెనకే మిగతావాళ్ళు మీద పడ్డారు. దుమ్ము లేచింది. కూత ఆగింది. ఔట్.

ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. సారు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. కానీ ఔటై బయటికి వస్తున్నప్పుడు సమత ఒంటినిండా దుమ్ము, మోచెయ్యి గీరుకుపోయింది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"చూసినవా అత్తా? నన్ను పట్టనీకి నలుగురు గావాల్సొచ్చిన్రు."