సాయిలు జ్వరం చార్టు

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ ఎదుటి సందులో ఎవాంజెలిన్ ఇంటర్నెట్ సెంటర్ పొద్దున ఎనిమిదింటికి తెరుచుకునేది. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒకే ఒక్క ఫోను లైను. ఎవాంజెలిన్ కీబోర్డుల మీద దుమ్ము తుడుస్తుంటే వాళ్లమ్మ సువార్తమ్మ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. వాన పడిన రోజున లైను చచ్చేది. అప్పుడు సువార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికొచ్చి, ఫోను వైరు కొస రెండు వేళ్లతో పట్టుకుని, మోడెం పాట తనే పాడేది. ముందు సన్నటి కూత, తర్వాత గరగరమని రాపిడి, చివర గుడి గంట రెండుసార్లు కొట్టినట్టు మోత. కనెక్షన్ వచ్చేది.

సెంటర్‌కి వచ్చేవాళ్లెవరూ దీన్ని పెద్ద విషయంగా ఎంచలేదు. "అమ్మ పాడుతున్నది, జర చుప్ కూసోండ్రి" అని ఒకరినొకరు గదమాయించుకునేవాళ్లు, అంతే. హైటెక్ సిటీ ఉద్యోగాలకు బయోడేటాలు పంపుకునే కుర్రాళ్లకు ఆవిడ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, టీ తాగకముందు పాడితే మెయిళ్లు నత్తనడక నడుస్తాయని.

సువార్తమ్మ గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సులకు పాఠాలు చెప్పి రిటైరైంది. ఆవిడ దగ్గర చదువుకున్న నలభై ఒక్కమంది ఇప్పుడు మస్కట్‌లో, కువైట్‌లో, ఇంగ్లండ్‌లో ఉన్నారు. ప్రతి శుక్రవారం వాళ్లందరికీ ఒక ప్రార్థన ఉత్తరం వెళ్లేది. రోగి పేరు, వయసు, బాధ, వార్డు ఫోను నంబరు, ఇదీ వరస. నంబరు ఎందుకంటే, ప్రార్థన చేసిన నర్సు ఫోను చేసి రోగి ఎలా ఉన్నాడో కనుక్కోకపోతే ఆ ప్రార్థన సగమేనని ఆవిడ నమ్మకం. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే రాదు.

తొంభై తొమ్మిది ఆగస్టులో ఒక గురువారం పొద్దున పుప్పాలగూడ క్వారీ దగ్గరి గుడిసెలు లేపేయడానికి బుల్డోజర్ వచ్చింది. అక్కడ ఏదో కంపెనీ అద్దాల మేడ కడుతుందట. ఇరవై ఏళ్లుగా ఆ క్వారీలో రాయి కొడుతున్న సాయిలు వెళ్లి బుల్డోజర్ ముందు కూర్చున్నాడు. నంబరు లేని జీపొకటి వచ్చింది. జీపు వెళ్లిపోయాక సాయిలు కూడా లేడు.

ఆయన భార్య చంద్రమ్మ ఠాణా గేటు దగ్గర పొద్దుగూకేదాకా నిలబడింది. "గా పేరుతోని ఎవ్వలు లేరు, పో" అన్నారు. లోపలినుంచి దగ్గు వినిపించింది. ఇరవై ఏళ్లు రాతిదుమ్ము మింగిన దగ్గు, పెళ్లాం పోల్చుకోలేదా? అదే చెబితే గేటు దగ్గరివాళ్లు పకపకా నవ్వారు.

చంద్రమ్మ తమ్ముడు మధుకర్ ఆ ఇంట్లో మొదటి ఇంజనీరు, హైటెక్ సిటీలో ప్రోగ్రామరు. శుక్రవారం ఆఫీసు ఎగ్గొట్టి అక్కను వెంటబెట్టుకుని సెంటర్‌కి వచ్చాడు. ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. గంటన్నర కీబోర్డు వాయించి, ఆ కంపెనీ వెబ్‌సైట్ తాళం పగలగొట్టి, మొదటి పేజీలో బావ ఫొటో పెట్టాడు. కింద రెండే మాటలు, "ఈయన ఎక్కడ?" అని. ఫొటో అరగంట ఉండి మాయమైంది. ఇంకో గంటకి సెంటర్ ఫోను కూడా చచ్చింది. ఎవాంజెలిన్ బయటికెళ్లి చూస్తే స్తంభం దగ్గర వైరు శుభ్రంగా కోసేసి ఉంది.

లాయరు పద్మావతి కబురందుకుని మధ్యాహ్నానికి వచ్చింది. "ఆయన ఠాణాలోనే ఉన్నాడని ఒక్క ఆధారం చూపించండి, సోమవారం కోర్టు తెరవగానే పిటిషన్ వేస్తాను. దగ్గు వినపడిందంటే జడ్జిగారు నమ్మొద్దూ?" అంది.

"ఠాణా కంప్యూటర్ల చొరబడుత మేడమ్" అన్నాడు మధుకర్.

"అక్కడ కంప్యూటర్ ఉంటే కదయ్యా. రిజిస్టరు పుస్తకం ఒక్కటే ఉంది, అందులో పేరు రాయలేదు."

మధుకర్ మళ్లీ గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. చంద్రమ్మ గుమ్మంలోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదినుంచి గుమ్మంలోకి నడుస్తోంది. ఎవాంజెలిన్ దేశదేశాల మానవహక్కుల సంఘాలకు ఉత్తరం టైపు చేసింది. శుక్రవారం కదా, ప్రార్థన ఉత్తరం కూడా వెళ్లాలి. కంగారులో సాయిలు పేరే అందరికన్నా పైన పెట్టేసింది. వయసు నలభై నాలుగు. బాధ, దగ్గు, దెబ్బలు. వార్డు ఫోను అన్నచోట ఠాణా నంబరు కొట్టింది. అది ఠాణా అని రాయడం మాత్రం మర్చిపోయింది.

"అమ్మా, కాస్త పాడవే" అంది.

సువార్తమ్మ కోసిన వైరు కొస పట్టుకుని పాడింది. రెండు ఉత్తరాలూ ఆవిడ గొంతులోంచే వెళ్లాయి.

శనివారం పొద్దున మళ్లీ పాడితే సంఘాలనుంచి జవాబులొచ్చాయి. "మీ ఆందోళన నమోదు చేసుకున్నాం, నిర్ధారణ కోసం చూస్తున్నాం." మధుకర్ గోడను ఒక గుద్దు గుద్దాడు. అప్పుడే సువార్తమ్మ పాట ఆపకుండానే పక్కనున్న పెన్సిల్ అందుకుంది. వైరులో వచ్చేది తెరమీదికి రాకముందే ఆవిడకు తెలిసిపోతుంది. కనెక్షన్ తెగాక ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"మస్కట్‌నుంచి ప్రిస్కిల్లా. రోగికి ఒళ్లు కాలిపోతోందట, ఎడమ కాలు వాచిందట."

"ఏ రోగికమ్మా?"

"సాయిలుకి."

చంద్రమ్మ గుమ్మంలోంచి లోపలికి ఉరికొచ్చింది. "ఉన్నడు. నేను చెప్పలే? ఉన్నడు" అని వెక్కివెక్కి ఏడ్చింది.

జరిగింది ఇదీ. ఎవరో విదేశీ అతిథి వస్తున్నాడని ఎస్సై హైటెక్ సిటీ బందోబస్తుకు పోయాడు. ఠాణాలో కానిస్టేబుల్ నర్సయ్య ఒక్కడే ఉన్నాడు. సాయిలు ఎలా ఉన్నాడని మొదటి ఫోను వస్తే "ఎవ్వలు లేరమ్మా" అని పెట్టేశాడు. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది ప్రిస్కిల్లాది.

"పేషెంటుని చూడకుండా లేడంటారేంటండీ? డ్యూటీలో ఉన్నదెవరు? పేరు చెప్పండి."

గొంతు పెంచి అడిగినవాళ్లకు పేరు చెప్పేయడం సర్వీసంతా నర్సయ్యకు అలవాటు. "నర్సయ్య, మేడమ్."

"వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసి రండి నర్సయ్యగారూ. నేను లైన్లోనే ఉంటాను."

ఠాణా ఫోనులో ఆయన్ని గారూ అన్నవాళ్లు అంతవరకు లేరు. వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గొంతు మారిపోయింది. "పెయ్యి కాలిపోతున్నది మేడమ్. కాలు గూడ వాసింది. జర పరేషాన్‌గుంది."

"కంగారు పడకండి. థర్మామీటరు తెప్పించండి. తడిగుడ్డ వేస్తూ ఉండండి. నాలుగు గంటలకోసారి ఫోను వస్తుంది, జ్వరమెంతో చెప్పండి."

ఫోను ఠంచనుగా వచ్చింది. మస్కట్‌నుంచి, కువైట్‌నుంచి, ఇంగ్లండ్‌లో లీడ్స్‌నుంచి. నర్సులు కదా, షిఫ్టులు పంచుకున్నారు. నర్సయ్య చూసి చెప్పాడు. తను ఏం ఒప్పేసుకుంటున్నాడో ఆయనకు తెలియదంటారా? తెలిసే చెప్పాడని నా అనుమానం.

మధ్యాహ్నం నూట రెండు. సాయంత్రం నూట మూడు. సువార్తమ్మ ఒక చేత్తో వైరు పట్టుకుని, రెండో చేత్తో గళ్ల కాగితం మీద చుక్కలు పెడుతూ గీత కలుపుతూ పోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పిన చార్టే. మెయిళ్లన్నీ ప్రింటు తీసి, టైము, నర్సు పేరు కనపడేలా ఎవాంజెలిన్ వరసగా పేర్చింది. ఇక వెబ్‌సైట్ల జోలికి పోనని మధుకర్ చెప్పలేదు గానీ, ఆ రెండు రోజులూ సువార్తమ్మకు మిరియాల పాలు కాచి ఇవ్వడమే పనిగా పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నూట మూడున్నర. సువార్తమ్మ గొంతు జీరపోయి కనెక్షన్ మాటిమాటికీ తెగుతోంది. నాలుగింటికి లీడ్స్‌నుంచి మెయిలు. ఈసారి ఎవరో వేరే మగమనిషి ఎత్తి, "ఇక్కడ అలాంటివాడు లేడు, మళ్లీ ఫోను చేస్తే మర్యాదగా ఉండదు" అన్నాడట. ఎస్సై తిరిగొచ్చాడన్నమాట. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడేమంటున్నరమ్మా?" అంది చంద్రమ్మ.

సువార్తమ్మ ఇంకోసారి పాడబోయింది. కూత రాలేదు, గాలి వచ్చింది. వైరు కింద పెట్టి చంద్రమ్మ చెయ్యి పట్టుకుంది. గీత ఆదివారం మధ్యాహ్నం గడి దగ్గర ఆగిపోయింది.

సోమవారం కోర్టులో పద్మావతి పిటిషన్ వేసింది. ఆ పేరుగల మనిషి తమ దగ్గర ఎన్నడూ లేడని పోలీసుల తరఫున చెప్పారు. పద్మావతి తొమ్మిది మెయిళ్లూ, చార్టూ జడ్జిగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ గీత వెంబడి వేలు పోనిచ్చి చూశారు.

"లేని మనిషికి శనివారం సాయంత్రం నూట మూడు జ్వరం ఎలా వచ్చిందండీ?"

ఫోనులో చెప్పిందెవరని జడ్జిగారే అడిగితే, ఎస్సై వెంట కోర్టుకొచ్చిన నర్సయ్య లేచి నిలబడ్డాడు. "నేనే చెప్పిన సార్. మనిషి ఉన్నడు" అన్నాడు. మధ్యాహ్నం రెండింటిలోగా సాయిలును తెచ్చి చూపించాలని జడ్జిగారు ఆర్డరు వేశారు.

తెచ్చారు. నడవలేకపోతున్నాడు, నర్సయ్య భుజం మీద వాలి దగ్గుతూ వచ్చాడు. అక్కడినుంచి నేరుగా దవాఖానకు పంపారు.

వార్డులో సువార్తమ్మ చార్టు డ్యూటీ సిస్టర్ చేతికిచ్చింది. ఏదో చెప్పబోయింది గానీ పాడి పాడి పోయిన గొంతు ఇంకా రాలేదు. సిస్టర్ కాగితం తిరగేసి చూసింది. "ఏ ఆసుపత్రిదమ్మా ఇది? బాగా రాశారే. మరి ఈ ఒక్కరోజు ఖాళీ ఎందుకుంది?"

"గప్పుడు మాకు ఎరుక లేదు బిడ్డా" అంది చంద్రమ్మ. "ఉన్నడో లేడో."

సిస్టర్ సాయిలు నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి, వెలుతురుకెత్తి చూసింది. కొత్త కాగితం తీసుకోలేదు. అదే చార్టు మీద సోమవారం గడిలో ఒక చుక్క పెట్టింది. ఖాళీ మీదుగా గీత కలిపేసి, మంచం కాళ్ల వైపు తగిలించింది.

చంద్రమ్మకు చదువు రాదు. వంగి, ఆ గీత మీద వేలు పెట్టి మొదటినుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. చివరి చుక్క దగ్గరికి వచ్చేసరికి వేలు కిందికి దిగింది.

"తగ్గిందా?" అంది.

"తగ్గిందమ్మా" అంది సిస్టర్.